ఏ.ఆర్. కేన్‌ని మొదటిసారి వినడం ఎలా?

ముందు సెర్చ్ సంగతి. 'ఏ.ఆర్.' అని కొట్టగానే రెహమాన్ వచ్చేస్తాడు, అక్కడే ఆగిపోకుండా 'కేన్' కూడా కొట్టండి. ఇది ఇద్దరి బ్యాండ్: అలెక్స్ అయూలీ, రూడీ టంబాలా, ఇద్దరూ ఈస్ట్ లండన్ కుర్రాళ్ళు, 1986లో మొదటి సింగిల్. 'డ్రీమ్ పాప్' (కలలో తేలుతున్నట్టుండే గిటార్ పాప్) అన్న మాట పుట్టించిందే అయూలీ అంటారు, కానీ డ్రీమ్ పాప్ లిస్టుల్లో వీళ్ళ పేరు ఎక్కడో అడుగున ఉంటుంది, అదీ ఉంటే.

కావాల్సినవి: హెడ్‌ఫోన్స్, రాత్రి పూట ఓ గంట. ఫోన్ స్పీకర్‌లో అయితే అసలు వద్దు.

1. 'అప్ హోమ్!' ఈపీతో (ఆల్బమ్ కంటే చిన్న రికార్డు) మొదలుపెట్టండి (1988, నాలుగే పాటలు). అందరూ చేసే తప్పు ఏంటంటే 'పంప్ అప్ ద వాల్యూమ్' పెట్టడం, ఎందుకంటే 1987లో బ్రిటన్‌లో నంబర్ వన్ అయింది కదా. నిజమే, ఎం.ఎ.ఆర్.ఆర్.ఎస్. పేరుతో వీళ్ళూ కలర్‌బాక్స్ అనే ఇంకో బ్యాండ్ వాళ్ళూ కలిసి తెచ్చిన సింగిల్ అది, కానీ ఆ పాట చాలావరకు కలర్‌బాక్స్ వాళ్ళదే. వీళ్ళ పాట వెనకవైపున్న 'అనిటినా', దాన్ని ఎవడూ తిప్పి వినడు!

2. ఇప్పుడు '69', అదే ఏడాది వచ్చిన మొదటి ఆల్బమ్. జనం పారిపోయేది ఇక్కడే, మెల్లగా వెళ్ళండి.

మా బావమరిదికి కార్లో పెట్టా, రెండో పాటకే 'బావా, పక్కన ఎవరో డ్రిల్లింగ్ చేస్తున్నారు, అద్దాలెక్కించు' అన్నాడు. తప్పు వాడిది కాదు, నాదే, ఏం పట్టుకుని వినాలో చెప్పలేదు. మనకి పాటంటే గొంతు, పల్లవి కదా, ఇక్కడ గొంతు నీళ్ళలోంచి వస్తున్నట్టు ఉంటుంది, గిటార్ ఫీడ్‌బ్యాక్ (యాంప్‌లోంచి వచ్చే కీచుమనే గోల) మీద పడిపోతుంది, వాటి వెంట పడితే తలనొప్పే.

బేస్ పట్టుకోండి. వీళ్ళు రాక్ కంటే ఎక్కువ డబ్ రెగేలోంచి (బేస్, ఎకో ముందుకొచ్చే జమైకా సంగీతం), మైల్స్ డేవిస్ జాజ్‌లోంచి వచ్చినవాళ్ళు, అందుకే 'బేబీ మిల్క్ స్నాచర్'లో పైన అంత గోల జరుగుతున్నా కింద బేస్ మాత్రం తాపీగా నడుస్తూ ఉంటుంది. (టైటిల్ స్కూలు పిల్లల పాలు ఆపేసిన బ్రిటన్ రాజకీయ నాయకురాలు థాచర్‌కి జనం పెట్టిన పేరులోంచి.) ఆ నడకలో పడ్డాక గిటార్ గోల దానంతటదే వానలా అనిపిస్తుంది. ఇంకోటి, సౌండ్ తగ్గించకండి, తగ్గిస్తే బేస్ పోతుంది, మిగిలేది డ్రిల్లింగే. షఫుల్ పెట్టేవాళ్ళతో నేను మాట్లాడను.

3. రెండో ఆల్బమ్ 'ఐ' (1989)లో 26 ట్రాకులు. ఒకేసారి వద్దు. 'ఎ లవ్ ఫ్రమ్ ఔటర్ స్పేస్'తో మొదలెట్టండి, డీజే ఆండ్రూ వెదరాల్ తన క్లబ్ నైట్‌కి పెట్టుకున్న పేరు ఇదే.

4. ఆ తర్వాతే మై బ్లడీ వాలెంటైన్, స్లోడైవ్, ఇలాంటి సౌండ్‌తోనే ఎక్కువ పేరొచ్చిన బ్యాండ్లు. ఆర్డర్ మారిస్తే వీళ్ళే వాళ్ళని కాపీ కొట్టారనుకుంటారు, ఆ మాట నేను చాలాసార్లు విన్నా, ఒళ్ళు మండుతుంది. '69' 1988 వేసవిలో వచ్చింది, మై బ్లడీ వాలెంటైన్ ఆల్బమ్ 'ఇజింట్ ఎనీథింగ్' అదే ఏడాది చివర్లో, వాళ్ళదే 'లవ్‌లెస్' 1991లో, స్లోడైవ్ మొదలైందే 1989లో. లెక్క మీరే చూసుకోండి.

1994 నాటి ఏ.ఆర్. కేన్ ఆల్బమ్ 'న్యూ క్లియర్ చైల్డ్'కి తొందరేం లేదు, నేనే రెండుసార్లు విన్నా అంతే.