నెలసరి నొప్పికి మాత్ర ఎప్పుడు, ఎలా వేసుకోవాలి?

నెలసరి నొప్పికి మాత్ర వేసుకున్నా తగ్గలేదనే వాళ్లను అడిగి చూడండి. చాలామంది నొప్పి భరించలేని స్థితికి వచ్చాకే వేసుకుని ఉంటారు.

గర్భం రాని నెలలో చివరి రోజుల్లో ప్రొజెస్టిరాన్ పడిపోతుంది. గర్భసంచి కండరాన్ని అప్పటిదాకా శాంతంగా ఉంచింది ఆ హార్మోనే. అది తగ్గగానే లోపలి పొరలో ప్రోస్టాగ్లాండిన్లనే రసాయనాలు ఎక్కువగా తయారవుతాయి. దాంతో కండరం గట్టిగా బిగుసుకుంటుంది, దానికి రక్తం సరిగా అందదు, నొప్పి మొదలవుతుంది. ఈ రసాయనాలు పేగుల్నీ కదిలిస్తాయి. మొదటి రోజు కొందరికి విరేచనాలు అయ్యేది అందుకే, తిండి పడక కాదు.

మాత్ర ఎప్పుడు వేసుకోవాలో తెలియడానికి ముందు రెండు మూడు నెలలు నెలసరి తేదీ, నొప్పి మొదలైన వేళ ఫోన్‌లో రాసుకోండి.

తర్వాత డాక్టర్‌ని అడిగి మాత్ర ఎంచుకోండి. ఐబుప్రోఫెన్, మెఫెనమిక్ యాసిడ్ లాంటివి ప్రోస్టాగ్లాండిన్ల తయారీని ఆపుతాయి. ఆస్పిరిన్ ఇలాగే పనిచేస్తుందని 1971లో బ్రిటన్ శాస్త్రవేత్త జాన్ వేన్ చూపించారు, 1982లో ఆయనకు నోబెల్ వచ్చింది. అయితే ఈ మందులు అప్పటికే తయారైనవాటిని తీసెయ్యలేవు. అందుకే రక్తస్రావం గానీ నొప్పి గానీ కనిపించిన వెంటనే వేసుకోవాలి. నెలసరి సరిగ్గా వచ్చేవాళ్లకు ఒక రోజు ముందే మొదలుపెట్టమని చెప్పే డాక్టర్లూ ఉన్నారు. చెప్పిన వేళల ప్రకారం రెండు మూడు రోజులు వాడాలి.

ఏదైనా తిన్నాకే వేసుకోండి. అల్సర్, కిడ్నీ జబ్బు, ఆస్తమా ఉన్నా, గర్భం ఉండొచ్చనుకున్నా సొంతంగా వాడొద్దు. మెఫెనమిక్ యాసిడ్ వల్ల అరుదుగా తీవ్రమైన అలర్జీ రావచ్చని 2023లో మందుల ప్రమాణాలు, భద్రత చూసే ప్రభుత్వ సంస్థ ఇండియన్ ఫార్మకోపియా కమిషన్ హెచ్చరించింది. ఒంటిమీద దద్దుర్లు, జ్వరం వస్తే మాత్ర ఆపేసి ఆసుపత్రికి వెళ్లండి.

పొత్తికడుపు మీద వేడినీళ్ల సంచి పెట్టుకుంటే నిజంగానే ఉపశమనం ఉంటుంది. సంచికి గుడ్డ చుట్టండి.

మూడు నెలలు ఇలా చేసినా తగ్గకపోతే గైనకాలజిస్టును కలవండి. అవసరమైతే హార్మోన్ మాత్రలు, అంటే గర్భనిరోధక మాత్రలు ఇస్తారు. వాటితో అండం విడుదల ఆగి, లోపలి పొర పలచబడి, ప్రోస్టాగ్లాండిన్లు తగ్గుతాయి. పెళ్లికాని పిల్లకు ఆ మాత్రలేంటని ఇంట్లో టెన్షన్ పడతారు గానీ, ఇక్కడ అవి నొప్పికి మందు, అంతే. "పెళ్లయితే అదే తగ్గిపోతుంది" అన్న మాట నమ్మి ఏళ్లు గడిపేయకండి. నొప్పి ఏటేటా పెరుగుతున్నా, నెలసరి కాని రోజుల్లో వస్తున్నా, మలవిసర్జనప్పుడు గానీ కలయికలో గానీ బాధిస్తున్నా ఎండోమెట్రియోసిస్ (గర్భసంచి లోపలి పొర లాంటిది దాని బయట పెరిగే జబ్బు) కావచ్చు. స్కానింగ్‌లో ఏమీ కనబడకపోయినా అది ఉండే అవకాశం ఉంది, ఆ మాట డాక్టర్‌ని నేరుగా అడగండి.