ఇల్లు మారే ముందు కరెంటు, గ్యాస్ జాగ్రత్తలు

☐ అడ్వాన్స్ ఇచ్చే ముందే కొత్త ఇంటి కరెంటు సర్వీస్ నంబరు అడగండి (తెలంగాణలో యూఎస్‌సీ నంబరు). పాత బాకీ ఉందేమో ఆన్‌లైన్‌లో తెలిసిపోతుంది. మొహమాటపడితే ముందున్నవాళ్ల బిల్లు మన నెత్తిన పడుతుంది.

☐ తాళాలు ఇచ్చే రోజు, తీసుకునే రోజు మీటరు రీడింగ్ ఫోటో తీసి, అక్కడే ఓనరుకి వాట్సాప్ చేయండి. అపార్ట్‌మెంట్లలో మీటర్లన్నీ కింద ఒకే గోడకు ఉంటాయి. మీది ఏదో ముందు తేల్చుకోండి. పక్క ఫ్లాట్ మీటరు ఫోటోతో మేం చాలా ఇబ్బంది పడ్డాం.

☐ అదే ఊళ్లో గ్యాస్ ఏజెన్సీ మారితే సిలిండరు, రెగ్యులేటరు మీ దగ్గరే ఉంటాయి, కాగితాలు మారితే చాలు. వేరే ఊరికైతే రెండూ అప్పగించి, డిపాజిట్ వెనక్కి తీసుకుని, టెర్మినేషన్ వోచర్ (కనెక్షన్ అప్పగించినట్టు ఏజెన్సీ ఇచ్చే కాగితం) భద్రంగా దాచుకోండి. కొత్త ఊళ్లో కనెక్షన్‌కి అదే ఆధారం. అక్కడ అప్పటి రేటు ప్రకారం మళ్లీ డిపాజిట్ కట్టాలి.

☐ సిలిండరును సామాన్ల మధ్య పడుకోబెట్టొద్దు. సేఫ్టీ క్యాప్ బిగించి, నిలబెట్టే తీసుకెళ్లండి.

☐ పాలు పొంగించే ముందు గ్యాస్ ట్యూబుకి సబ్బునీళ్లు రాసి చూడండి. బుడగలొస్తే స్టవ్ వెలిగించొద్దు. గ్యాస్ వాసన వస్తే ఏ స్విచ్చీ ముట్టుకోకుండా తలుపులు తెరిచి, పిల్లల్ని తీసుకుని బయటికొచ్చి గ్యాస్ ఎమర్జెన్సీ నంబరు 1906కి ఫోన్ చేయండి.