కొండదారిలో రెండు బైకులు

ఇద్దరిలో నిదానంగా నడిపేవాడు ముందుండాలి. కొండల్లో బైకు ప్రయాణం గురించి నన్నెవరైనా అడిగితే మొట్టమొదట చెప్పేది ఇదే. విన్నవాళ్లు ఓ పట్టాన ఒప్పుకోరు. బాగా నడిపేవాడు ముందుంటే దారి చూపిస్తాడు కదా అంటారు. మైదానంలో అది చెల్లుతుంది. ఘాట్ రోడ్డు మీద ముందువాడు రెండు మలుపులు తిరిగాడంటే వెనకవాడికి కనబడడు. ఇక వెనకవాడు రోడ్డు చూడటం మానేసి మనిషిని వెతకడం మొదలుపెడతాడు, తన చేతకు మించిన వేగంతో మలుపులోకి దిగుతాడు. నిదానస్తుడు ముందుంటే ఈ గొడవే లేదు. నేనూ నా స్నేహితుడూ కలిసి వెళ్తుంటాం, మా ఇద్దరిలో నిదానం నాది. మావాడికి మలుపు కనబడితే చెయ్యి ఆగదు. అందుకే నేను ముందు, వాడు వెనక. రోజంతా సణుగుతాడు, సణగనిస్తాను.

బయల్దేరే ముందే అనుకోవాల్సిన మాటలు ఇంకొన్ని ఉన్నాయి. దారి చీలినచోట ముందువాడు ఆగాలి. వెనకవాడు వచ్చి, ఎటు తిరుగుతున్నామో కళ్లారా చూశాకే కదలాలి. అద్దంలో వెనక బండి కనబడకపోతే వేగం తగ్గించాలి, అప్పటికీ రాకపోతే చోటు చూసి ఆగాలి. ఎంతసేపు ఆగి వెనక్కి తిరగాలో కూడా ముందే తేల్చుకోండి. మేం పది నిమిషాలు పెట్టుకున్నాం. ఫోన్ సిగ్నల్ అసలు ఉండదనుకునే ఏర్పాట్లు చేసుకోవాలి. వెనకవాడు రెండుసార్లు హెడ్‌లైటు కొడితే ఆగమని అర్థం. దీనికి హారన్ వాడొద్దు, మలుపుల దగ్గర ఎదుటి బండి కోసం కొట్టే హారన్‌తో కలిసిపోతుంది. పెట్రోలు లెక్క చిన్న ట్యాంకు ఉన్న బండిని బట్టి వేసుకోవాలి. ఎక్కుడులో మైలేజీ పడిపోతుంది కాబట్టి ట్యాంకు సగానికి వచ్చాక కనబడిన మొదటి బంకులోనే ఇద్దరూ నింపేసుకోండి. హెల్మెట్లలో పెట్టుకునే ఇంటర్‌కామ్‌లు మంచివే. కాకపోతే మావాడితో అది పెట్టుకుంటే ఘాట్ పొడవునా వ్యాఖ్యానం వినాలి, నేను కొనలేదు.

సామాను పంపకం కూడా ఈ వరసను బట్టే. పంచరు కిట్టు, గాలి పంపు, స్పానర్లు, ఫస్ట్ ఎయిడ్ డబ్బా వెనకవాడి బండి మీదే ఉండాలి. అతని బండి మొరాయిస్తే సామాను అతని దగ్గరే ఉంది. ముందు బండి మొరాయిస్తే అతను ఎలాగూ వచ్చి చేరతాడు. అదే ముందువాడి దగ్గరుంటే, వెనక చక్రం పంచరైన వేళకి కిట్టు పది మలుపుల అవతల ఉంటుంది. డూప్లికేటు తాళంచెవులు మాత్రం మార్చుకోండి: మీది అతని జేబులో, అతనిది మీ జేబులో. క్లచ్ కేబులు అదనంగా ఉండాలి, బైకులు రెండూ ఒకే మోడల్ కాకపోతే చెరొకటి. బరువైనవన్నీ కిందకి, సీటుకి దగ్గరగా కట్టాలి. తోక మీద బరువు పడితే ఎక్కుడులో ముందు చక్రం తేలిపోయి హ్యాండిల్ మాట వినదు. కొక్కేలున్న రబ్బరు తాళ్ల కంటే బకిల్ పట్టీలు నయం. రబ్బరు సాగుతుంది, కొక్కెం ఊడిందంటే కంటికి తగిలినా తగులుతుంది.

ఎక్కడం పెద్ద విద్యేం కాదు. దిగడమే నేర్చుకోవాలి. ఆ వాలు ఎక్కడానికి ఏ గేరు పడుతుందో దిగడానికీ అదే గేరు. ఆక్సిలేటర్ వదిలేస్తే ఇంజనే బండిని పట్టి ఉంచుతుంది. బ్రేకు పని మలుపు ముందు కాస్త సర్దడం వరకే. పెట్రోలు మిగులుతుందని న్యూట్రల్‌లో వదిలేవాళ్లు ఉంటారు. ఆ నాలుగు చుక్కల కోసం మనిషి, బండి, సామాను బరువంతా బ్రేకుల మీద వేస్తున్నారన్నమాట. అలా కిలోమీటర్ల తరబడి బ్రేకు పట్టుకునే దిగితే డిస్కు కాలిపోయి ఆ వేడి బ్రేకు ఆయిల్‌కి ఎక్కుతుంది. ఈ ఆయిల్ గాల్లోని తేమను పీల్చుకునే రకం. డాట్ 4 అనే రకం బ్రేకు ఆయిల్ కొత్తదైతే కనీసం 230 డిగ్రీల సెల్సియస్ దాకా మరగకూడదని ప్రమాణం, తేమ పట్టిన ఆయిల్‌కి అదే ప్రమాణం 155 డిగ్రీలు. మరిగితే లోపల ఆవిరి బుడగలు పుడతాయి. లివరు నొక్కితే ఆ బుడగలు నొక్కుకుపోతాయి తప్ప బండి ఆగదు. ఆయిల్ మార్చి రెండేళ్లు దాటితే బయల్దేరే ముందు మార్పించండి. దారిలో లివరు మెత్తబడినా, కాలిన వాసన వచ్చినా ఆగి చల్లారనివ్వాలి. తొందరపడి నీళ్లు పోయకండి, డిస్కు వంకరపోవచ్చు. ఇక్కడ వెనకవాడికి ఇంకో పని ఉంది. ముందు బండి బ్రేకు లైటు ఎడతెగకుండా వెలుగుతోందంటే ఆపి చెప్పాలి. మావాడు ఈ పని మహా సంతోషంగా చేస్తాడు.

హెయిర్‌పిన్ మలుపులకు, అంటే జడపిన్నులా వచ్చిన వైపుకే తిరిగే మలుపులకు, కొన్ని దారులు పెట్టింది పేరు. ఆల్ప్స్‌లో స్టెల్వియో కనుమకు ఒకవైపు నుంచి ఎక్కే దారిలోనే 48 ఉన్నాయి, ప్రతిదానికీ నంబరు. ఎన్ని ఉన్నా పద్ధతి ఒక్కటే. గేరు మలుపుకి ముందే మార్చుకోవాలి. తల తిప్పి, మలుపు అవతలి రోడ్డును చూడాలి. ముందు చక్రం దగ్గర కంకర చూస్తూ కూర్చుంటే బండి ఆ కంకరలోకే పోతుంది. ఎక్కుడు మలుపు మధ్యలో ఆక్సిలేటర్ ఒక్కసారిగా వదలకండి. ఇంజను ఆగితే కాలు పెట్టాల్సింది పల్లం వైపు, అక్కడ నేల అందదు. నెమ్మదిగా తిరిగేటప్పుడు వెనక బ్రేకు సుతారంగా ఆనించి ఉంచితే బండి నిలకడగా ఉంటుంది. లారీకి హెయిర్‌పిన్‌లో రోడ్డు మొత్తం కావాలి, ఆ చప్పుడు వినగానే మలుపుకి ఇవతలే ఆగిపోండి. ఇరుకుదారిలో ఎక్కే బండికి దారి ఇవ్వడం చాలా దేశాల్లో ఉన్న నియమం. పొద్దున్నపూట ఎండ తగలని మలుపుల్లో తడి ఆరదు, ఎత్తులో అయితే అది మంచుపొరే కావచ్చు.

ఎత్తు పెరిగే కొద్దీ బండీ మనిషీ ఇద్దరూ నీరసిస్తారు. 5,500 మీటర్ల దగ్గర గాలి పీడనం సముద్ర మట్టంతో పోలిస్తే దాదాపు సగం. ఇంజను బలం వెయ్యి మీటర్లకు సుమారు పదో వంతు చొప్పున తగ్గుతుంది. ఫ్యూయల్ ఇంజెక్షన్ ఉన్న బండి పెట్రోలును సర్దుకుంటుంది గానీ లేని గాలిని తేలేదు. బండి లాగడం లేదని హాఫ్ క్లచ్‌లో గింజుకోకుండా కింది గేరుకి రండి. చలి సంగతీ చూసుకోవాలి, వెయ్యి మీటర్లకు సుమారు ఆరున్నర డిగ్రీలు పడిపోతుంది, దానికి గాలి తోడు. రెయిన్‌కోటు వాన మొదలయ్యాక కాదు, మబ్బు పట్టగానే తొడుక్కోవాలి.

మనిషి విషయంలో మొహమాటం వద్దు. 2,500 మీటర్లు దాటాక తలనొప్పి, వికారం మొదలైతే ఆ రోజుకి ఇంక పైకి వెళ్లకండి. 3,000 దాటాక రాత్రి పడుకునే చోటు ముందటి రాత్రి కంటే 500 మీటర్లకు మించి ఎత్తులో లేకుండా చూసుకోవాలి. ఎత్తు వల్ల మెదడు మందగించిన మనిషికి ఆ సంగతి తనకు తెలియదు, బాగానే ఉన్నానంటాడు. అందుకని సాయంత్రం ఒకరినొకరు మడమకి వేలు ఆనించుకుంటూ గీత మీద నడిపించి చూసుకోండి. తూలినా, కూర్చున్నచోటే ఆయాసపడుతున్నా బైకులు అక్కడే వదిలేసైనా సరే, వెంటనే కిందికి దించాలి.

మంచు కరిగి రోడ్డుకి అడ్డంగా పారే వాగులు పొద్దున్నే తక్కువగా ఉంటాయి, మధ్యాహ్నానికి పెరుగుతాయి. దాటే ముందు ఒకరు దిగి నడిచి లోతు చూడాలి. తర్వాత ఒక్కొక్కరే, మొదటి గేరులో, ఆక్సిలేటర్ నిలకడగా. బండి నీళ్లలో పడి ఇంజను నీళ్లు మింగిందన్న అనుమానం ఉంటే సెల్ఫ్ కొట్టొద్దు, ముందు ప్లగ్గు విప్పి నీళ్లు బయటికి పంపాలి.

రోజు లెక్క కిలోమీటర్లలో వేయకండి, గంటల్లో వేయండి. గంటకి పాతిక, ముప్పై అనుకుంటే మేలు. కొండ చాటున పొద్దు ముందే వాలుతుంది కాబట్టి తెల్లవారుతూనే కదిలి, మధ్యాహ్నం మూడు, నాలుగుకల్లా గదికి చేరాలి. చేరగానే వేడిగా ఉన్న చైనుకి ఆయిల్ పెట్టి, ఆ తర్వాతే నడుం వాల్చడం. పడుకుంటే మళ్లీ లేవరు.

ఎప్పుడో ఒక మధ్యాహ్నం మీ స్నేహితుడు "కాసేపు బైకులు మార్చుకుందాంరా" అంటాడు. చదును రోడ్డు వచ్చేదాకా ఆగమనండి. తెలియని క్లచ్ ఎక్కడ అందుకుంటుందో, తెలియని బ్రేకు ఎంత నొక్కితే పడుతుందో ఘాట్‌లో నేర్చుకోకూడదు. మావాడు ప్రతి కనుమ దగ్గరా అడుగుతాడు.