గులాబీ ఆకులు పాలిపోతే ఒకసారి తట్టి చూడండి
కడియం నర్సరీ నుంచి తెచ్చిన గులాబీ, కాలవలకు నీళ్లు ఆపేసే వేసవి ఎండల్లో దుమ్ము పట్టినట్టు పాలిపోతే నీళ్లు చాలలేదనుకోకండి. ఆకు కింద తెల్లకాగితం పెట్టి తట్టండి. రాలిన చుక్కలు నడుస్తుంటే అది ఎర్రనల్లి. ఎనిమిది కాళ్లది, సాలీడు జాతి. మామూలు పురుగుమందు కొడితే దాన్ని తినే మిత్రపురుగులే చస్తాయి (ఒక సీజనంతా నేను చేసిన పని అదే).

పొద్దున్నే పైపుతో ఆకుల అడుగున గట్టిగా నీళ్లు కొట్టండి. రోజు విడిచి రోజు, రెండు వారాలు. గుడ్లు పగిలి కొత్తవి వస్తుంటాయి, మధ్యలో మానొద్దు. తగ్గకపోతే లీటరు నీటికి 5 మి.లీ. వేపనూనె, కాస్త సబ్బునీళ్లు కలిపి సాయంత్రం చల్లబడ్డాక పిచికారీ చేయండి. ఎండలో కొడితే ఆకులు మాడతాయి. నల్లి సాలెగూడులా గూడు కట్టేసిన కొమ్మలైతే కత్తిరించి పారేయడమే.