అమెరికాలో పోలీసులు రక్తనమూనా అడిగితే: అక్కడి తెలుగు డ్రైవర్లు తెలుసుకుని ఉండవలసినవి

తాగి వాహనం నడిపారన్న అనుమానం మీద భారతదేశంలో ఎవరినైనా అరెస్టు చేసినప్పుడు, 1988 నాటి మోటారు వాహనాల చట్టంలోని 204వ సెక్షన్ ప్రకారం రక్తం తీయవలసినది రిజిస్టర్డ్ వైద్యుడే. పోలీసు అధికారి ఆ వైద్యుణ్ణి రప్పించగలడే తప్ప సూది తాను పట్టుకోడు. అరెస్టయిన రెండు గంటల్లోగా వైద్య పరీక్ష జరగకపోతే ఆ వ్యక్తిని విడిచిపెట్టాలని 202వ సెక్షన్ చెబుతుంది. ఈ పద్ధతే అంతటా ఉంటుందనుకుని ఫీనిక్స్‌లోనో సాల్ట్ లేక్ సిటీలోనో స్థిరపడినవారికి, యూనిఫాంలో ఉన్న అధికారే చేతికి రబ్బరు పట్టీ బిగించి సిరలోంచి రక్తం తీయడానికి సిద్ధపడడం నమ్మశక్యంగా ఉండదు. కానీ అరిజోనాలో ఇది 1990ల నుంచి ఉన్న పద్ధతి. యూటా, ఐడహో వంటి మరికొన్ని రాష్ట్రాల్లోనూ పోలీసులకు ఈ పనిలో శిక్షణ ఇచ్చారు. అటువంటి చోట్ల కారు నడిపేవారి కోసం రాసినది ఇది. తాగిన రాత్రి కారు తాళాలు ముట్టుకోకుండా ఉబర్ పిలిపించుకునేవారికి దీనితో పనిపడదు. ఒక్కొక్క రాష్ట్రపు చట్టం ఒక్కొక్క తీరుగా ఉంటుంది గనుక, అరెస్టు అంటూ జరిగాక ఆ రాష్ట్రపు లాయరు చెప్పిన మాటే చెల్లుతుందన్నది కూడా గుర్తుంచుకోవాలి.

ఏ పరీక్ష ఎప్పుడు

రోడ్డు పక్కన ఆపినప్పుడు చేయించే నడక పరీక్షలు, చేతిలో ఇమిడే పరికరంతో చేసే శ్వాస పరీక్ష సాధారణంగా అరెస్టు చేయాలా వద్దా అని తేల్చుకోవడానికి ఉద్దేశించినవి. కోర్టులో సాక్ష్యంగా నిలిచే పరీక్ష అరెస్టు తరువాత జరుగుతుంది. అది శ్వాస పరీక్ష కావాలా, రక్త పరీక్ష కావాలా అన్నది చాలా రాష్ట్రాల్లో అధికారి ఇష్టం. రక్తంలో మద్యం పరిమితి దాదాపు అన్ని రాష్ట్రాల్లో 0.08, అంటే 100 మిల్లీలీటర్ల రక్తానికి 80 మిల్లీగ్రాములు. యూటాలో 2018 డిసెంబరు చివరి నుంచి అది 0.05 అయింది. భారతదేశపు పరిమితి 30 మిల్లీగ్రాములు కాబట్టి, అమెరికా పరిమితి ఉదారమైనదని కొందరు ధైర్యం చెప్పుకుంటారు. అది పనికిరాని ధైర్యం, ఎందుకంటే పరిమితికి లోపలే ఉన్నా నడపడంలో పట్టు తప్పిందని రుజువైతే కేసు నిలుస్తుంది.

ఒప్పుకోవడమా, కాదనడమా

ఇక్కడ అమెరికా సుప్రీంకోర్టు తీర్పులు రెండు తెలిసి ఉండాలి. మద్యం రక్తంలోంచి క్రమంగా తగ్గిపోతుందన్న ఒక్క కారణం చాలదని, వారంటు తెచ్చుకునే వ్యవధి ఉన్నప్పుడు తెచ్చుకునే తీరాలని 2013లో మిస్సోరీ వర్సెస్ మెక్‌నీలీ కేసులో కోర్టు తేల్చింది. అరెస్టయిన వ్యక్తికి శ్వాస పరీక్షను వారంటు లేకుండా చేయవచ్చని, రక్తం విషయంలో మాత్రం వారంటు గానీ, నిజమైన అంగీకారం గానీ, ఆగడానికి వీలులేని పరిస్థితి గానీ ఉండాలని 2016లో బర్చ్‌ఫీల్డ్ వర్సెస్ నార్త్ డకోటా తీర్పు చెప్పింది. రక్తం ఇవ్వనన్నందుకే నేరం మోపడం కుదరదన్నదీ ఆ తీర్పులోని మాటే. స్పృహలో లేని డ్రైవరు విషయం వేరు. అక్కడ వారంటు లేకుండానే రక్తం తీయడానికి 2019 నాటి మిచెల్ తీర్పు చాలావరకు దారి ఇచ్చింది.

నేరం కాకపోయినా కాదన్నందుకు మూల్యం ఉంటుంది. రాష్ట్రపు రోడ్ల మీద కారు నడుపుతున్నారంటేనే పరీక్షకు ముందుగా ఒప్పుకున్నట్టు అక్కడి చట్టాలు భావిస్తాయి కాబట్టి, నిరాకరించినవారి లైసెన్సును మొదటిసారికే టెక్సాస్‌లో 180 రోజులు, అరిజోనాలో 12 నెలలు నిలిపివేస్తారు. పైగా నిరాకరించినంత మాత్రాన రక్తం తీయడం ఆగకపోవచ్చు. టెక్సాస్‌లో పండుగ రోజుల్లో ప్రకటించే ‘నో రెఫ్యూజల్’ పేరు చూసి కాదనే హక్కే పోయిందని చాలామంది పొరబడతారు. నిజానికి హక్కు అలాగే ఉంటుంది, కాకపోతే వారంటు మీద సంతకం చేయడానికి న్యాయమూర్తి రాత్రంతా అందుబాటులో ఉంటారు, వారంటు త్వరగా చేతికొస్తుంది.

కాబట్టి నిర్ణయం ఏదైనా దాన్ని స్పష్టమైన మాటల్లో చెప్పాలి. మర్యాద కోసం ‘ఓకే ఓకే’ అనడం, వింటున్నామని తెలియడానికి తల ఊపడం మనలో చాలామందికి అలవాటు. అధికారి భుజం మీది కెమెరాలో అవి రెండూ అంగీకారంలాగే కనిపిస్తాయి. ఇష్టం లేనివారు ‘ఐ డు నాట్ కన్సెంట్, బట్ ఐ విల్ నాట్ రెసిస్ట్’ అని ఒక్కసారి గట్టిగా చెబితే చాలు. వారంటు ఉందంటే చూపమని అడగవచ్చు. అది వచ్చాక చెయ్యి వెనక్కి లాక్కోవడం మాత్రం కూడదు, ఎందుకంటే బలప్రయోగం జరుగుతుంది, అడ్డుకున్నందుకు కొత్త అభియోగం చేరుతుంది. వారంటు చెల్లుతుందా లేదా అన్న వాదనకు తావు కోర్టులోనే. ‘అరిజోనా చట్టం ప్రకారం మీరు పరీక్షకు లోబడాలి’ అని అధికారి పదేపదే చెప్పగా ఇచ్చిన అంగీకారం స్వచ్ఛందం కాదని ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు 2016లో వాలెంజువెలా కేసులో తేల్చింది. అయితే అధికారి అప్పటి చట్టాన్ని నమ్మి సదుద్దేశంతో నడుచుకున్నారన్న కారణంతో రక్త పరీక్ష ఫలితాన్ని మాత్రం సాక్ష్యంగా ఉంచింది. హక్కు విషయంలో గెలిచినవారు కేసులోనూ గెలుస్తారన్న హామీ లేదనడానికి ఇంతకంటే ఉదాహరణ అక్కర్లేదు.

సూది ఎవరి చేతిలో ఉండాలి

రక్తం తీయడాన్ని సమర్థించిన 1966 నాటి ష్మెర్బర్ వర్సెస్ కాలిఫోర్నియా కేసులో తీసినది ఆసుపత్రిలో, తీసినది వైద్యుడు. వైద్య సిబ్బంది కానివారు ఈ పని చేస్తే, ముఖ్యంగా పోలీసు స్టేషన్ నాలుగు గోడల మధ్య చేస్తే, తీవ్రమైన ప్రశ్నలు తలెత్తుతాయని ఆ తీర్పే హెచ్చరించింది. అయినా 2011లో టెక్సాస్ క్రిమినల్ అప్పీళ్ల కోర్టు, డాల్‌వర్థింగ్టన్ గార్డెన్స్ అనే చిన్న పట్టణపు స్టేషన్‌లో శిక్షణ పొందిన అధికారి వారంటుతో రక్తం తీయడాన్ని సమంజసమేనని ఒప్పుకుంది. పోలీసుల వాదనలో బలం లేకపోలేదు. ఎమర్జెన్సీ వార్డులో గంటల తరబడి వేచి ఉంటే మద్యం తగ్గిపోతుంది, ఒక నర్సు రోగులను వదిలి ఈ పనికి రావాలి, తరువాత సాక్ష్యానికీ కోర్టుకు వెళ్లాలి.

నా అభ్యంతరం నైపుణ్యం గురించి కాదు. రోజూ చేసేవారి చేతిలో సూది ఒకేలా గుచ్చుకుంటుంది. అరెస్టు చేసిన శాఖే శరీరంలోకి సూది కూడా దించినప్పుడు, కళ్లు తిరిగినా, సిర దొరక్క మళ్లీ మళ్లీ గుచ్చవలసివచ్చినా, ‘ఇక ఆపండి’ అనే బాధ్యత గల మనిషి ఆ గదిలో ఉండరు. 2017 జులైలో సాల్ట్ లేక్ సిటీ ఆసుపత్రిలో స్పృహలేని రోగి రక్తం కోసం వచ్చిన అధికారి, రక్తం తీయడంలో శిక్షణ పొందినవారే. వారంటు గానీ అంగీకారం గానీ లేవంటూ అడ్డు నిలిచిన నర్సుకు ఆయన బేడీలు వేశారు. ఆ రోగి అసలు నిందితుడే కాదు, మరొకరు పోలీసుల నుంచి పారిపోతూ గుద్దిన వాహనపు డ్రైవరు. చివరికి అధికారి ఉద్యోగం పోయింది, నర్సుకు 5 లక్షల డాలర్ల పరిహారం దక్కింది. ఆ రోజు అక్కడ నర్సు ఉండబట్టి ఆ రోగి రక్తం తీయలేకపోయారు.

అందుచేత సూది విషయంలో భారతీయ నియమమే మేలని నా అభిప్రాయం. అలాగని వైద్యుడు తీస్తే చాలు, నమూనా భద్రమేనని అనుకోవడానికి లేదు. 2024 మే నెలలో పుణెలో ఇద్దరు యువ ఇంజనీర్లను బలిగొన్న కారు ప్రమాదంలో, మైనరు డ్రైవరు రక్తనమూనాను మార్చారన్న ఆరోపణ మీద ప్రభుత్వ ఆసుపత్రి వైద్యులే అరెస్టయ్యారు. తీసినది ఎవరైనా, తరువాత నమూనా ఎవరెవరి చేతులు మారిందన్న దానికి కాగితం ఉండాలి.

తీస్తున్నంతసేపూ గమనించవలసినవి

రక్తం పలుచబడే మందులు వాడుతున్నా, హిమోఫీలియా (రక్తం సరిగా గడ్డకట్టని జబ్బు) ఉన్నా, డయాలిసిస్ కోసం చేతికి ఫిస్టులా వేసి ఉన్నా, అయోడిన్ లేదా లాటెక్స్ పడకపోయినా సూది గుచ్చకముందే చెప్పాలి. హిమోఫీలియా ఉన్నవారికి, రక్తం పలుచబడే మందులు వాడే గుండె రోగులకు కాలిఫోర్నియా చట్టం రక్త పరీక్ష నుంచి మినహాయింపే ఇస్తుంది. చర్మాన్ని తుడిచే మందులో ఆల్కహాల్ ఉండకూడదు, సాధారణంగా పోవిడోన్ అయోడిన్ వాడతారు. నమూనా పట్టే గాజు ట్యూబుకు బూడిదరంగు మూత ఉంటుంది. లోపలి తెల్లని పొడిలో సోడియం ఫ్లోరైడ్, పొటాషియం ఆక్సలేట్ ఉంటాయి. మొదటిది సూక్ష్మజీవుల వల్ల రక్తం పులిసి మద్యం పుట్టకుండా చూస్తుంది, రెండవది గడ్డకట్టనివ్వదు. నింపిన వెంటనే ట్యూబును మెల్లగా పలుమార్లు తలకిందులు చేసి కలిపారా, దాని గడువు తేదీ దాటిందా, పేరూ సమయమూ ఎదుటే రాసి సీలు వేశారా అన్నవి చూసి ఉంచుకోవాలి. లోపం కనబడినా అక్కడ వాదించి లాభం లేదు.

విడుదలైన వెంటనే, నిద్రకు ముందే, చివరి గ్లాసు తాగిన సమయం, పోలీసులు కారు ఆపిన సమయం, అరెస్టు, రక్తం తీసిన సమయం ఒక కాగితం మీద రాసిపెట్టుకుని లాయరుకు తప్ప ఎవరికీ చూపకూడదు. గంటకు సుమారు 0.015 చొప్పున మద్యం తగ్గుతుందన్న లెక్కతో ప్రాసిక్యూషన్ నిపుణులు వెనక్కి లెక్కగడతారు. కానీ తాగిన కొద్దిసేపటికే పోలీసులు ఆపి ఉంటే, మద్యం ఇంకా రక్తంలోకి చేరుతూ, నడిపినప్పటికంటే రక్తం తీసినప్పుడే ఎక్కువ ఉండే వీలుంది. ప్రమాదం తరువాత ఆసుపత్రి చికిత్స కోసం చేసిన పరీక్ష ఫలితమైతే, అది రక్తంలోంచి వేరుచేసిన సీరంలో చూసినది కావచ్చు. సీరంలో అంకె మొత్తం రక్తంలో కంటే పది శాతానికి పైగా ఎక్కువ వస్తుంది.

ఆ తరువాతి గడువులు

టెక్సాస్‌లో అరెస్టయిన రెండు గంటల్లోగా, తాము ఎంచుకున్న వైద్యుడి చేత మరొక నమూనా తీయించమని అడిగే హక్కు ఉంది. అరిజోనాలో రెండు ట్యూబులు తీసి రెండవదాన్ని నిందితుడి తరఫు పరీక్ష కోసం ఉంచుతారు, దాన్ని పారవేసేలోగా లాయరు ద్వారా కోరాలి. లైసెన్సు నిలిపివేత మీద విచారణ కోరడానికి టెక్సాస్‌లో నోటీసు అందిన 15 రోజులే గడువు. క్రిమినల్ కేసు తేదీ దూరంగా ఉంది కదా అని చాలామంది ఈ గడువును జారవిడుస్తారు.

హెచ్-1బీ, ఎఫ్-1 వీసాల మీద ఉన్నవారికి మరొక చిక్కు ఉంది. నేరం రుజువు కాకముందే, అరెస్టు సమాచారం ఆధారంగానే వీసాను రద్దు చేసే పద్ధతిని అమెరికా విదేశాంగ శాఖ 2015 నుంచి పాటిస్తోంది. అలా రద్దయినంత మాత్రాన అమెరికాలో ఉండే హోదా దానంతట అదే పోదు. కానీ దేశం దాటితే ఆ స్టాంపుతో తిరిగి రాలేరు. హైదరాబాదులో కొత్త వీసాకు దరఖాస్తు చేసినప్పుడు, కాన్సులేట్ ఆమోదించిన వైద్యుడి పరీక్షకూ వెళ్లవలసి రావచ్చు. అందుకని పెళ్లికో పండక్కో టికెట్ కొనేముందు, కేసు చూసే లాయరుతో పాటు ఇమిగ్రేషన్ లాయరునూ విడిగా అడగాలి.