చీకటీ చిలిపితనమూ కలిసిన ఫాంటసీ నవలలు ఎలా చదవాలి

ఇలాంటి నవల మొదలుపెట్టగానే చాలామందికి ఒకటే టెన్షన్, ఇది పిల్లల కథా లేక భయపెట్టే కథా అని. అది తేల్చుకోకుండానే ముందుకు వెళ్ళండి. ఈ తరహా పుస్తకాల్లో నవ్వొచ్చిన చోటే భయం కూడా పుడుతుంది, రెండింటినీ విడదీయాలని చూస్తే రెండూ పోతాయి.

నేను అందరికీ మొదట చెప్పేది, కథలో షరతు కనిపించిన చోట పెన్సిల్‌తో గీత పెట్టుకోమని. ఇక్కడ ఏమీ తినకు, నీ అసలు పేరు చెప్పకు, మూడు దిక్కులకీ వెళ్ళు కానీ నాలుగో దిక్కుకి మాత్రం వెళ్ళొద్దు, ఇలాంటివి. మాంత్రికుడి ప్రాణం చిలకలో ఉన్నట్టు ఈ కథల ప్రాణమంతా ఆ షరతులోనే ఉంటుంది. మొదటిసారి చదివినప్పుడు అది వింతగా, కాస్త సరదాగా అనిపిస్తుంది, సగం పుస్తకం దాటాక అదే షరతు ఎవరో ఒకరి మెడకు చుట్టుకుంటుంది, అప్పుడు వెనక్కి వెళ్ళి గీత పెట్టిన పేజీ మళ్ళీ చదివి చూడండి, రచయిత మన కళ్ళ ముందే అంతా చెప్పేశాడని తెలుస్తుంది. నాకైతే ఈ నవలల్లో దీన్ని మించిన ఆనందం లేదు.

రెండో విషయం, మొదటి యాభై పేజీల్లో అర్థం కాకపోతే కంగారుపడి ఇంటర్నెట్‌లో వివరణలు వెతకొద్దు. సుసానా క్లార్క్ నవల, 2020లో వచ్చిన పిరనేసినే తీసుకోండి. అంతులేని గదులు, విగ్రహాలు, కింది అంతస్తుల్లో సముద్రం, అందులో హాయిగా బతికేస్తున్న ఒక మనిషి రాసుకున్న డైరీ అది. అతనికి అనుమానం రాకముందే మనకు వస్తుంది, అతనేమో సంతోషంగానే ఉంటాడు, అక్కడే వెన్నులో చలి మొదలవుతుంది. ముందే వివరణ చదివేస్తే ఆ చలి మనదాకా రాదు. అందులో డైరీ తారీఖులు కూడా విచిత్రంగా ఉంటాయి, ఫలానా పక్షి వచ్చిన సంవత్సరం అన్నట్టు. వాటిని దాటేయకండి, వాటిలోనూ కథ ఉంది.

అలాగే ఫుట్‌నోట్లు. ఇదే రచయిత్రి 2004 నాటి పెద్ద నవల, జొనాథన్ స్ట్రేంజ్ అండ్ మిస్టర్ నోరెల్‌లో అవి 200కి దగ్గరగా ఉంటాయి, కొన్నిట్లో ఏకంగా వేరే జానపద కథే ఉంటుంది. అసలు కథ ఆగిపోతోందని విసుక్కోకుండా వచ్చినప్పుడే చదవండి.

సిరీస్ అయితే మొదటి పుస్తకం నుంచే వెళ్ళాలన్న నియమం ప్రతిసారీ పాటించక్కర్లేదు. టెర్రీ ప్రాచెట్ రాసిన డిస్క్‌వరల్డ్ సిరీస్‌లో 1983 నుంచి 2015 దాకా 41 నవలలు వచ్చాయి, చాలావరకు దేనికది చదువుకోవచ్చు. మృత్యువు ఒక కుర్రాణ్ణి పనిలో పెట్టుకునే మోర్ట్‌తో (1987) మొదలుపెడితే బాగుంటుందని నా అభిప్రాయం. ఈ నవలల్లో చాలావాటికి అధ్యాయాలు ఉండవు కాబట్టి ఎక్కడ ఆపాలో ముందే అనుకోండి, లేకపోతే తెల్లారిపోతుంది.

మధ్యమధ్యలో పాత కథలూ చదవండి. జర్మన్ జానపద కథలు సేకరించిన గ్రిమ్ సోదరుల 1812 సంపుటిలో స్నోవైట్‌ని చంపించాలని చూసేది కన్నతల్లే, సవతి తల్లిగా మారింది తర్వాతి ముద్రణలో. అది తెలిశాక, ఈనాటి రచయితలు బాగా ప్రేమగా మాట్లాడే అమ్మల్ని ఎందుకంత భయంకరంగా రాస్తారో ఇట్టే అందుతుంది.

ఏది వదిలేయాలి అంటే, మాట్లాడే టోపీలు, నడిచే ఇళ్ళు బోలెడన్ని ఉండి కూడా వాటివల్ల ఎవరూ ఏమీ కోల్పోని పుస్తకం. వంద పేజీలు చూసి పక్కన పెట్టేయండి. క్రూరత్వం కోసమే క్రూరత్వం ఉన్నదీ అంతే. మనసు బాగాలేని రోజుల్లో మంచి పుస్తకమైనా సరే ఆపేసి తర్వాత చదువుకోవచ్చు, అందులో తప్పేమీ లేదు.

చివరి పేజీ అయ్యాక పుస్తకాన్ని వెంటనే అరలో పెట్టకండి, మొదటి అధ్యాయం ఇంకోసారి చదవండి. ఈసారి నవ్వు ఏ వాక్యం దగ్గర ఆగిపోయిందో అక్కడ కూడా ఒక గీత పెట్టండి.