సీఓపీడీ నీరసం: ఉన్న ఊపిరితో రోజు గడుపుకోవడం

సీఓపీడీ అంటే ఊపిరి గొట్టాలు ఇరుకై గాలి సరిగ్గా ఆడని దీర్ఘకాలపు ఊపిరితిత్తుల జబ్బు. ఇందులో పీల్చిన గాలి పూర్తిగా బయటికి రాదు. అది లోపలే చిక్కుకుని ఛాతీ ఉబ్బుతుంది, కింద ఉండి ఊపిరి ఆడించే కండరం, డయాఫ్రమ్, చదునైపోయి సరిగ్గా పనిచేయదు. ఊపిరి తీయడానికే చాలా సత్తువ ఖర్చవుతుంది. దీన్ని బద్ధకమని ఇంట్లోవాళ్లు అనకూడదు.

కాబట్టి ముందు నేర్చుకోవలసింది గాలి వదలడం. ముక్కుతో రెండు అంకెలు లెక్కపెట్టేంతసేపు పీల్చి, వేడి టీ ఊదినట్టు పెదవులు ముడిచి నాలుగు అంకెల సేపు మెల్లగా వదలండి. బలంగా ఊదితే గొట్టాలు ముడుచుకుపోయి గాలి మళ్లీ చిక్కుతుంది. వంగేటప్పుడు, లేచేటప్పుడు, బిందె ఎత్తేటప్పుడు సరిగ్గా ఆ బరువు పడే క్షణంలో వదలాలి. చాలామంది అక్కడే ఊపిరి బిగబడతారు.

చాలామందికి బాగా అలసట తెచ్చేది స్నానం. చేతులు పైకెత్తితే ఊపిరికి సాయపడే మెడ, భుజాల కండరాలు ఆ పనిలో పడిపోతాయి. డాక్టరు రాసిన వెంటనే పనిచేసే ఇన్హేలర్ ఉంటే, ముందే వాడుకోవచ్చేమో ఆయన్ని అడిగి 15 నిమిషాల ముందు తీసుకోండి. స్టూలు మీద కూర్చోండి. బకెట్టు నేల మీద కాకుండా పీట మీద పెడితే చెంబు కోసం వంగక్కర్లేదు. నీళ్లు గోరువెచ్చగా చాలు, ఆవిరి నిండితే ఉక్కిరిబిక్కిరవుతుంది. తలుపు గడియ వేయకండి. ఒళ్లు రుద్ది తుడిచే బదులు పెద్ద తువ్వాలు కప్పుకుని కూర్చుంటే తడి అదే పీల్చుకుంటుంది. అన్నం తిన్న గంట వరకూ స్నానం వద్దు.

కోనసీమ పెరళ్లలో కొబ్బరి డొక్కలు, మట్టలు పెట్టి నీళ్లు కాచడం మామూలే. ఆ పొయ్యి దగ్గరికి మీరు వెళ్లకండి, పొగ ఇంట్లోకి రాని వైపుకు మార్పించండి. కోతలయ్యాక గడ్డి తగలబెట్టే రోజుల్లో కిటికీలు మూసుకుని నడక ఇంట్లోనే కానివ్వండి.

నడక మానకూడదు. పడుకునే ఉంటే కాళ్ల కండ తరిగిపోయి, అదే పనికి ఇంకా ఎక్కువ ఊపిరి కావాలి. డెల్టాలో నేల చదును, అదో వరం. కాలవ గట్టు మీద 5 నిమిషాలతో మొదలుపెట్టి, కొన్ని రోజులకొక నిమిషం చొప్పున 20 నిమిషాల దాకా పెంచండి. ఆయాసం ఉన్నా ఒక చిన్న వాక్యం మాట్లాడగలిగే వేగం సరైనది. వంతెన ఎత్తు మొదలయ్యేచోట వెనక్కి తిరగండి. ఆయాసం పెరిగితే కూర్చుని, మోచేతులు తొడల మీద ఆనించి ముందుకు వాలండి. ఛాతీ నొప్పి, కళ్లు తిరగడం ఉంటే ఆపేయాలి.

కంచం నిండా అన్నం తింటే పొట్ట డయాఫ్రమ్‌ను పైకి నెడుతుంది. కొంచెం కొంచెంగా ఐదారుసార్లు తినండి, చేప, గుడ్డు, పప్పు తగ్గించకండి.

నీరసం కొత్తగా పెరిగితే రక్తహీనత, థైరాయిడ్ పరీక్షలు అడగండి. ఇంట్లో ఆక్సిజన్ ఉంటే డాక్టరు చెప్పిన లీటర్లు దాటి పెంచకండి: కొందరిలో కార్బన్ డయాక్సైడ్ పేరుకుని మగత వస్తుంది. పెదవులు నీలంగా మారినా, మాట తడబడినా, లేపితే సరిగ్గా లేవకపోయినా వెంటనే 108కి ఫోన్ చేయండి.